ముందు తల్లిని చంపండి

బావమరిదికి,

ఉత్తరం ఆశీర్వాదంతో మొదలుపెట్టడం మన ఇళ్ళలో అలవాటు. ప్రస్తుతం నా దగ్గర ఆశీర్వాదాలు నిండుకున్నాయి. ఒళ్ళు మంట తగ్గాక విడిగా పంపిస్తాను.

ఫోన్ చెయ్యకుండా కాగితం మీద ఎందుకు పడ్డానో నీకు తెలుసు. మొన్న మనిద్దరం ఫోన్లో మాట్లాడుకున్న మాటలకి కింది వాటావిడ పైకొచ్చి, "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. మీ అక్క నా చేతిలో ఫోన్ లాక్కుని, "ఇకమీదట మీ ఇద్దరూ ఏం చెప్పుకోవాలన్నా ఉత్తరాల్లో చెప్పుకోండి. కాగితానికి గొంతుండదు" అని తీర్పు చెప్పింది.

సరే, విషయానికి వస్తాను. బ్యాంకువాళ్ళు వదిలించుకున్న ఎనిమిది పాత కంప్యూటర్లు మా కాలనీ గ్రంథాలయానికి వచ్చాయి. వాటికి కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కదని అందరూ పెదవి విరిస్తే, నువ్వేమన్నావు? "బావా, పాత కంప్యూటర్లకు ప్రాణం పొయ్యడమే నా దుకాణం. ఇటు పంపండి. ఎవరి అనుమతీ అక్కర్లేని ఉచిత సిస్టమ్ వేసి గుర్రాల్లా పరిగెత్తిస్తాను" అన్నావు. ఆ మాట నమ్మి నేను సంఘం ముందు ఛాతీ విరిచాను. ఎవరి ముందో తెలుసా? మా అధ్యక్షుడి ముందు. గ్రంథాలయం గది ఖాళీ చేయించి అందులో బరువులెత్తే యంత్రాలు పెట్టాలని కలలు కంటున్న మనిషి ముందు. నెలాఖరు ఆదివారం సర్వసభ్య సమావేశం. ఆలోగా పుస్తకాల జాబితా కంప్యూటర్లో నడవాలి. నడవకపోతే కంప్యూటర్లు తుక్కుకి, పుస్తకాలు మెట్ల కింది కొట్లోకి, కార్యదర్శినైన నేను ఇంటికి.

నీ గుర్రాలు నిన్న వ్యానులో దిగాయి. మీట నొక్కాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు జలపాతంలా కారాయి. ఆ తర్వాత ఒక పెంగ్విన్ పక్షి వచ్చి నిలబడింది. చివరికి పాస్‌వర్డ్ అడిగింది. నువ్వు పెట్టెకు అంటించిన చీటీ తీశాను. అందులో ఏముంది? "పాస్‌వర్డ్: అక్కనడుగు."

అడిగాను. "నాకేం తెలుసు?" అంది. నీ తమ్ముడు నీకు చెప్పాడట, నా దగ్గర దాస్తావెందుకు అన్నాను. దాచే బుద్ధి మా వంశంలో లేదంది. మా వంశంలో ఉందా అన్నాను. ఉందని, ఉదాహరణలతో సహా చెప్పింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు, మా అమ్మ తప్ప. ఆవిడ ఇద్దరితోనూ మాట్లాడుతోంది, రెండు వైపులా ఎగదోస్తూ.

వెంటనే జవాబు రాయి.

ఇట్లు,
నీ మాట నమ్మిన పాపానికి,
బావ

తా.క. ఆ పక్షి పొట్ట మా అధ్యక్షుడి పొట్టలాగే ఉంది. ఆయనది కూడా అదే అభిప్రాయం. అవమానంగా తీసుకున్నాడు.

*

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. మీ దగ్గర ఆశీర్వాదాలు నిండుకున్నా నా దగ్గర నమస్కారాలకు కొదవలేదు. మా పెంపకం అలాంటిది.

మీ ఉత్తరం చదివి దుకాణంలో స్క్రూడ్రైవరు విసిరికొట్టాను. అది ఒక కస్టమర్ చెప్పు మీద పడింది. బావగారూ, పాస్‌వర్డే "అక్కనడుగు"! ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, akkanadugu అని కొట్టాలి. మీరు ఏ పాస్‌వర్డ్ పెట్టినా మర్చిపోతారు, మర్చిపోయినప్పుడల్లా అక్కనే అడుగుతారు, కాబట్టి ఆ మాటే పెడితే మరపు రాదని పెట్టాను. అంత ఆలోచించి పెట్టినందుకు నాకు దక్కింది మా వంశం మీద నింద.

ఇంకో మాట. మీరు ఊరందరికీ "ఉచిత సిస్టమ్" అని చెప్పుకు తిరగకండి. ఉచితం అంటే జనం నాసిరకం అనుకుంటారు. ఇది నాసిరకం కాదు. దీన్ని రాసినవాళ్ళు దీని లోపలి రాతనంతా తెరిచి పెట్టారు. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు. దాచుకోవడం లేదు కాబట్టే దీని మీద నాకు నమ్మకం. ఈ ముక్క మీ అధ్యక్షుడికి గట్టిగా చెప్పండి.

పుస్తకాల జాబితా ప్రోగ్రాము తెర మీద ఎడమవైపు ఉంటుంది. ఒక్కసారి నొక్కి ఓపిక పట్టండి. పాత యంత్రాలు, కాస్త ఊపిరి పీల్చుకుని లేస్తాయి. ఒక్కసారే నొక్కండి. మళ్ళీ రాస్తున్నాను, ఒక్కసారే.

ఇట్లు,
అక్కకి తమ్ముడిగా పుట్టినందుకు ఓర్చుకుంటున్న,
మీ బావమరిది

తా.క. అక్క చెప్పిన ఉదాహరణలు నాకు కూడా రాసి పంపండి. మా వైపు తక్కువ పడుతున్నాయి.

*

బావమరిదికి,

మా పరువు తీసినందుకు ధన్యవాదాలతో మొదలుపెడుతున్నాను.

పాస్‌వర్డ్ పట్టింది, ఒప్పుకుంటాను. మీ అక్కకి క్షమాపణ చెప్పాను. "ఆలస్యమైంది" అంది. ఎందుకు ఆలస్యమైందో చెప్పలేదు.

నువ్వు గట్టిగా చెప్పమన్న ముక్క సంఘం సమావేశంలో గట్టిగానే చెప్పాను. "ఇందులో అంతా తెరిచే ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్చొచ్చు" అని బల్ల గుద్ది చెప్పాను. అధ్యక్షుడు చాలా శ్రద్ధగా రాసుకున్నాడు. నేను మురిసిపోయాను. తెల్లారేసరికి లిఫ్టు పక్కన నోటీసు: "సభ్యులకు హెచ్చరిక. గ్రంథాలయం కంప్యూటర్లలో మీ పేరు, చిరునామా, మీరు చదివే పుస్తకాలు ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. ఇది కార్యదర్శిగారే స్వయంగా ప్రకటించారు." సాయంత్రానికి జనం వరస కట్టారు, సభ్యత్వాలు రద్దు చేసుకోవడానికి. మందుల షాపాయన అయితే తను చదివే పుస్తకాల సంగతి ఇంట్లో తెలిస్తే కొంప మునుగుతుందని నా చెయ్యి పట్టుకుని బతిమాలాడు. ఏం చదువుతాడో నాకు కూడా ఇప్పుడే తెలిసింది.

అక్కడితో ఆగిందా? కంప్యూటరు వెలిగించినప్పుడు కారే అక్షరాల జలపాతాన్ని డ్రాయింగు మాస్టారు కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు. "ఫలానా డీమన్ మొదలైంది, ఓకే. ఇంకో డీమన్ మొదలైంది, ఓకే." డీమన్ అంటే దయ్యమే కదా? దయ్యం మొదలవడమేమిటి, పైగా దానికి ఓకే చెప్పేదెవరు? కింది వాటావిడ ఆ గది ముందు నుంచి నడవడం మానేసింది. చుట్టూ తిరిగి పెరటి వైపు నుంచి పోతోంది.

ఇది చాలదన్నట్టు, ఆ యంత్రాలు మీట ఆపి మళ్ళీ వేస్తే చాలు, తేదీ మర్చిపోతున్నాయి. వాటి లెక్కలో ఇప్పుడు నడుస్తున్నది ఎప్పుడో గడిచిపోయిన సంవత్సరం. అప్పటికి నాకింకా జుట్టు ఉంది. ఎవరో పుస్తకం తిరిగిస్తే, "ఈ పుస్తకం ఇంకా కొనలేదు" అంటోంది.

చివరి దెబ్బ విను. జాబితా ప్రోగ్రాము నొక్కాను. తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాను. తెరుచుకోలేదు. అధ్యక్షుడు వెనకాల నిలబడి ముక్కుతో నవ్వుతుంటే ఎన్నిసార్లు నొక్కానో గుర్తులేదు. అన్నీ ఒక్కసారే తెరుచుకుని, ఒకదాని మీద ఒకటి పడి, బిగుసుకుపోయాయి. మూసినా మూసుకోవు, ఆపినా ఆగవు. ఒక్కసారే నొక్కమన్నావని నువ్వు రాసే జవాబు నాకు ముందే తెలుసు. రాయకు. ఎలా వదిలించుకోవాలో మాత్రం రాయి, వివరంగా, నాలాంటివాడికి అర్థమయ్యేట్టు.

ఇట్లు,
దయ్యాల గది కార్యదర్శి,
బావ

తా.క. అధ్యక్షుడు ఆ గది కొలతలు తీయించాడు. నేను బల్ల ముందు కూర్చుని ఉండగానే. నన్ను కూడా కలిపి కొలిచారు.

*

బావగారికి,

నమస్కారం. ఈసారి ఒక్కటే.

ఒక్కసారే నొక్కమన్నాను. ఇది మీరు రాయొద్దన్నారని తెలుసు. రాశాను.

తెరిచి పెట్టింది దాని లోపలి రాత బావగారూ, మీ సభ్యుల జాతకాలు కాదు! చొక్కా ఎలా కత్తిరించాలో, ఎలా కుట్టాలో దర్జీ అందరికీ చెప్పాడనుకోండి. అంతమాత్రాన మీ చొక్కా జేబులో అందరూ చెయ్యి పెడతారా? ఈ ముక్క ఆ నోటీసు కింద రాసి అంటించండి. డీమన్ అంటే దయ్యం కాదు. తెర వెనక చప్పుడు చెయ్యకుండా పనులు చేసుకుపోయే ప్రోగ్రాము. మీ ఇంట్లో అక్కలాంటిదన్నమాట. ఈ పోలిక అక్కకి చెప్పకండి. తేదీ పోవడానికి కారణం లోపలుండే గుండీ బిళ్ళంత బ్యాటరీ. ఎనిమిదీ పంపిస్తున్నాను, మార్చుకోండి.

ఇక బిగుసుకుపోయిన ప్రోగ్రాము సంగతి. జాగ్రత్తగా చదవండి. ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును పుట్టిస్తే, మొదటిదాన్ని తల్లి అంటాం, రెండోదాన్ని పిల్ల అంటాం. ప్రోగ్రామును ఆపడాన్ని చంపడం అంటాం. మొండిదాన్ని బలవంతంగా ఆపే ఆజ్ఞ తొమ్మిదో నంబరు, అన్నిటికంటే ముందు లేచే ప్రోగ్రాము ఒకటో నంబరు. మా వృత్తిలో మాటలు ఇంతే మొరటు, ఏమీ అనుకోవద్దు. పనిచేసే పద్ధతి వెనక పేజీలో రాస్తున్నాను. కంప్యూటరు పక్కన పెట్టుకుని, వరసగా చెయ్యండి.

ముందు తల్లిని చంపండి. జాలి పడొద్దు. మొదట మర్యాదగా చెప్పి చూడండి, పోతే పోయింది. వినకపోతే తొమ్మిదో నంబరు ప్రయోగించండి. తొమ్మిదో నంబరుకు ఎంత మొండిదైనా నిలవదు. తల్లి పోయాక పిల్లలు అనాథలవుతారు. కంగారు పడొద్దు, ఒకటో నంబరు పెద్దాయన దత్తత తీసుకుంటాడు. ఆ తర్వాత వాళ్ళనీ ఒక్కొక్కరినే చంపండి. చచ్చాక కూడా జాబితాలో పేరు కనబడుతుంటే పట్టించుకోకండి, అది శవమే, ఏమీ చెయ్యదు. అంతా అయ్యాక ఒకసారి కళ్ళు మూసుకుని తెరవండి, ప్రాణం హాయిగా ఉంటుంది. ఇదంతా జనం మధ్యలో చేస్తే ఇంకా మంచిది. మన సత్తా తెలుస్తుంది.

ఇట్లు,
మీ మేలు కోరే,
బావమరిది

తా.క. అక్కకి చెప్పకండి. ఊరికే భయపడుతుంది.

*

ఓరి దుర్మార్గుడా,

దీనికంటే మర్యాదైన సంబోధన నాకు దొరకలేదు. వెతకలేదు కూడా.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. మా అమ్మ సంగతి నీకు తెలుసు. ఇంటికొచ్చిన ఏ కవరైనా ఆవిడే చించుతుంది. ఒకే కప్పు కింద బతికేవాళ్ళ మధ్య రహస్యాలేమిటని ఆవిడ వాదన. చించింది. చదివింది. బాల్కనీలోకి వెళ్ళింది. వెనక పేజీ ఎత్తిపట్టుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వినిపించేట్టు చదివింది.

"ముందు తల్లిని చంపండి. జాలి పడొద్దు."

నేను వీధి మలుపు తిరిగేసరికి మా ఇంటి ముందు జనం. నన్ను చూసి రెండుగా చీలి దారి ఇచ్చారు, శవాన్ని మోసుకొచ్చేవాళ్ళకి ఇచ్చినట్టు. "అమ్మా, అది కంప్యూటరు గురించి" అన్నాను. "కంప్యూటరుకు తల్లి ఉంటుందిరా? దాన్ని కన్నదెవరు? ఏ ఆస్పత్రిలో?" అంది. "మొదటి పేజీలో రాశాడు, చదువు" అన్నాను. "నా చావు మొదటి పేజీలో ఉంటే ఏం, రెండో పేజీలో ఉంటే ఏం?" అని గుండెలు బాదుకుంది. జనం ఒక్కసారి నా వైపు చూశారు. పిల్లలు అనాథలవుతారన్న చోటికి వచ్చేసరికి మందుల షాపాయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకు పిల్లలు లేరన్న సంగతి ఎవరికీ గుర్తురాలేదు.

తర్వాత దిండు, దుప్పటి చంకన పెట్టుకుని నేరుగా గ్రంథాలయానికి వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "ఎక్కడ చంపాలని రాశారో అక్కడే కూర్చుంటాను. జనం మధ్యలో చంపమన్నాడుగా, అందరూ రండి, చూడండి" అంది. అందరూ వచ్చారు. చూస్తున్నారు. గంట గంటకీ పెరుగుతున్నారు.

సాయంత్రం కానిస్టేబులు వచ్చాడు. నీ ఉత్తరం రెండుసార్లు చదివి, "తొమ్మిదో నంబరు అంటే ఏమిటి? కత్తా, ఇంకేమైనానా?" అని అడిగాడు. చెప్పాను. రాసుకోలేదు. "దత్తత తీసుకునే పెద్దాయన ఎవరు? ఎక్కడుంటాడు?" అన్నాడు. ప్రతి కంప్యూటరులోనూ ఉంటాడన్నాను. అప్పుడు నా ముందు నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు.

మీ అక్క? నువ్వు రాసిన తా.క. చదివింది. "నాకు చెప్పొద్దన్నాడా? ఇన్నాళ్ళూ ఇంకేం చెప్పలేదో!" అని గది తలుపేసుకుంది. చప్పుడు చెయ్యకుండా పనులు చేసుకుపోయే దయ్యం ఎవరో కూడా నన్నే చెప్పమంటోంది.

అధ్యక్షుడు ఆనందంతో నడవలేకపోతున్నాడు. శనివారమే తుక్కు వ్యాను తెస్తానన్నాడు. ఆదివారం దాకా కూడా ఆగడట.

ఇట్లు,
హంతకుడిగా పేరు పడ్డ,
నీ బావ (ఇంకా ఎన్నాళ్ళో తెలీదు)

తా.క. అమ్మకి భోజనం తీసుకెళ్ళాను. ముందు నన్ను తినమంది. తిన్నాను. కాసేపు నన్ను పరీక్షగా చూసి, ఆ తర్వాత తను తింది. వీధంతా చూశారు.

*

బావగారికి,

నేను కూడా మనిషినే.

మీ కానిస్టేబులు మా ఊరి స్టేషనుకు చెప్పాడు. వాళ్ళు నా దుకాణానికి వచ్చారు. విప్పి పెట్టిన కంప్యూటర్ల మధ్య నన్ను కూర్చోబెట్టి, "ఇంతకుముందు ఎంతమందిని చంపావు?" అని అడిగారు. ప్రోగ్రాములా అన్నాను. రోజుకి డజను అన్నాను. అది నా తప్పే. సాయంత్రం దాకా వదల్లేదు.

సొంత తల్లికి ఒక్క మాట నచ్చజెప్పలేని మీరు కార్యదర్శి ఎలా అయ్యారు? ఉత్తరం మొదటి పేజీలోనే తల్లంటే ఏమిటో, చంపడమంటే ఏమిటో పలకా బలపం పట్టినవాడికి కూడా తెలిసేట్టు రాశాను. తప్పు నాదంటారా? అనండి. అనడం మీకు అలవాటు, పడటం నాకు అలవాటు. కానీ ఆ కంప్యూటర్లను తుక్కు వ్యాను ఎక్కిస్తే మాత్రం మీకూ నాకూ చుట్టరికం తెగిపోయినట్టే. బెదిరింపు కాదు, కడుపు మంట.

ఎందుకో చెబుతాను. మీరెప్పుడూ అడగలేదు. బ్యాంకువాళ్ళు వాటిని పారేసింది అవి చెడిపోయి కాదు. నేను ఎనిమిదీ విప్పి చూశాను. దుమ్ము తప్ప రోగం లేదు. కొత్త సాఫ్ట్‌వేరు వచ్చి, "మీకు వయసైపోయింది, మిమ్మల్ని నేను గుర్తించను" అంది. అంతే, నిన్నటిదాకా పరుగులు తీసిన యంత్రం ఒక్క రోజులో చెత్త అయిపోయింది. నా దుకాణం వెనక గదికి వస్తే చూపిస్తాను, అలాంటివి పైకప్పు దాకా ఉన్నాయి. రోజూ ఎవరో ఒకరు ఆటోలో తెచ్చి, నా గుమ్మంలో పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోతారు. ఒక్కోదానికీ ఈ సిస్టమ్ వేసి, తెర వెలిగినప్పుడు నాకు కలిగే సంతోషం మీకు అర్థం కాదు. ఆ వెలిగిన ఎనిమిదింటిని, బరువులెత్తేవాడి కోసం చంపుతారా? ఈ "చంపడం" మామూలు అర్థంలోనే రాస్తున్నాను. కానిస్టేబులుగారు చదువుతుంటే గమనించగలరు.

స్వయంగా వద్దామంటే, స్టేషనువాళ్ళు ఊరు దాటొద్దన్నారు.

ఇట్లు,
మీ వల్ల ముద్దాయినైన,
బావమరిది

తా.క. అక్కకి నేను రాసిన ఉత్తరం తిరుగు టపాలో వచ్చింది. మీద "ఈ పేరుగల దయ్యం ఇక్కడ లేదు" అని రాసి ఉంది.

*

బావమరిదికి,

ఆశీర్వాదాలు కొన్ని దొరికాయి. సగం పంపిస్తున్నాను. మిగతా సగం కోపం పూర్తిగా పోయాక.

శనివారం అధ్యక్షుడు అన్నంత పనీ చేశాడు. తుక్కు వ్యాను తెచ్చాడు, ఇద్దరు కూలీలతో సహా. గుమ్మంలో మా అమ్మ. "లేవండి పెద్దమ్మా" అన్నారు కూలీలు. "నన్ను దాటి వెళ్ళండి, లేదా నన్ను కూడా ఎక్కించండి. నేనూ పాతదాన్నే" అంది. వాళ్ళు వ్యాను దగ్గరికి వెళ్ళి బీడీలు వెలిగించారు. అధ్యక్షుడు గొంతు పెంచాడు. అంతే! అప్పటిదాకా నన్ను తిడుతున్న జనం మొత్తం ఒక్కసారి ఆయన మీదికి తిరిగారు. "కొడుకు చూస్తే అలాంటివాడు, ఆవిడకున్న నీడ ఈ ఒక్క గది, అది కూడా లాక్కుంటావా?" అని కింది వాటావిడ ఆయన చొక్కా పట్టుకోబోయింది. ఆవిడే, దయ్యాలకి భయపడి పెరటి దారిన పోయే మనిషి!

అప్పుడు కానిస్టేబులు వచ్చి, "ఈ తల్లి సంగతేదో ఇప్పుడే తేలాలి. అందరి ముందూ చంపి చూపించండి" అన్నాడు. నీ వెనక పేజీ బల్ల మీద పెట్టుకున్నాను. మర్యాదగా చెప్పాను, వినలేదు. తొమ్మిది కొట్టాను. నా వెనక ఎవరో "అయ్యో" అన్నారు. తెర మీద పేరుకుపోయినవన్నీ మాయమయ్యాయి. నల్లటి తెర ఒక్క క్షణం ఖాళీగా నిలబడింది. ఒక్కసారే, ఒక్కసారే అనుకుంటూ జాబితా నొక్కి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను. ఊపిరి పీల్చుకుంది. తెరుచుకుంది.

డ్రాయింగు మాస్టారు ఒక పుస్తకం పేరు చెప్పాడు. అది ఏ అరలో ఉందో చెప్పింది. వెళ్ళి చూస్తే అక్కడే ఉంది. కింది వాటావిడ కుట్టుపని పుస్తకం అడిగింది, దొరికింది. ఎవరో నవల అడిగారు, ఎవరో చెట్ల వైద్యం అడిగారు. వరస కట్టారు బావమరిదీ! ఇదివరకు సభ్యత్వం రద్దు చేసుకోవడానికి కట్టిన వరసకంటే పెద్దది. కానిస్టేబులు కూడా వెళ్ళి వరసలో చివర నిలబడ్డాడు.

ఇంతమంది ఒక్కచోట ఎప్పుడూ చేరలేదు కాబట్టి, సర్వసభ్య సమావేశం అక్కడే, అప్పుడే జరిపేద్దామన్నారు. ఏటా సరిపడా జనం రాక వాయిదా పడే సమావేశం ఈసారి మెట్ల మీద కూడా నిలబడి జరిగింది. గది గ్రంథాలయానికే అని చేతులెత్తారు. అధ్యక్షుడు రాజీనామా ఇచ్చాడు. వ్యాను ఖాళీగా పోయింది.

నాకు సంతోషంగా లేదా అంటే, ఉంది. కానీ ఒళ్ళు కూడా మండుతోంది. ఎందుకంటే నా వైపు ఓటేసిన ప్రతి ఒక్కరూ నన్ను తిట్టి మరీ వేశారు. "ఆ తల్లి మొహం చూసి వేస్తున్నాం, నీ మొహం చూసి కాదు" అని మందుల షాపాయన చెప్పి మరీ చెయ్యెత్తాడు. ఎవడి పుస్తకాల రహస్యం కాపాడానో వాడు! తల్లంటే ఏమిటో కళ్ళారా చూశాక కూడా అమ్మ మెత్తబడలేదు. "ఆ తల్లినైతే చంపావు, తర్వాత ఎవరి వంతో?" అంది. నాతో మాట్లాడదు. నేను గదిలోకి వెళితే గోడ వైపు తిరుగుతుంది. కొత్త అధ్యక్షురాలిగా ఆవిడనే ఎన్నుకున్నారు. ఇంట్లోనూ ఆవిడే, సంఘంలోనూ ఆవిడే. నేనెక్కడికి పోను?

ఇట్లు,
గెలిచి ఓడిన,
బావ

తా.క. అమ్మ నీకు విడిగా ఉత్తరం రాస్తోంది. రాస్తున్నప్పుడు పళ్ళు నూరుతోంది. కానిస్టేబుల్ని పక్కన పెట్టుకుని చదువు.

*

అబ్బాయ్,

నీ వాలకం చూస్తే దీవించబుద్ధి కావడం లేదు. అయినా దీవిస్తున్నాను. బాగుండు.

మావాడి ఉత్తరం నేను చదివాకే టపాలో పడింది. కానిస్టేబుల్ని పక్కన పెట్టుకున్నావా? పంపించెయ్యి. ఇది మనిద్దరి మధ్యా.

నీ ఉత్తరం కవరు చించిన రోజున మొదటి పేజీ మొదటే చదివాను. తల్లంటే ఏమిటో, పిల్లంటే ఏమిటో, చంపడమంటే ఏమిటో శుభ్రంగా అర్థమైంది. నువ్వు బాగానే రాశావు, దస్తూరీ తప్ప. చదవడం వచ్చినవాళ్ళకి చదివితే అర్థమవుతుంది కదా, అందులో వింతేముంది? నేను ఆ గదిలో కూర్చుని చదువుతున్నది నిన్నామొన్నటి నుంచి కాదు.

ఒళ్ళు మండింది అబ్బాయ్. నీ మీద కాదు. అంతకు ముందు వారం పది రోజులపాటు ఈ మోకాళ్ళతో ప్రతి అంతస్తూ ఎక్కి, ప్రతి తలుపూ కొట్టి చెప్పాను. "గ్రంథాలయం మూసేస్తున్నారు, సమావేశానికి ఒక్కసారి రండి" అన్నాను. కింది వాటావిడ "అయ్యో పాపం" అని తలుపేసుకుంది. డ్రాయింగు మాస్టారు పని ఉందన్నాడు. మందుల షాపాయన "ఇప్పుడెవరు చదువుతున్నారండీ?" అన్నాడు, వాడే, అన్నీ తీసుకెళ్ళి చదివేవాడే! వస్తానని ఒక్కడంటే ఒక్కడు మాటివ్వలేదు. మా అబ్బాయి ఒంటరిగా బల్ల ముందు కూర్చుని ఆ పక్షిని చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు నీ వెనక పేజీ చేతికొచ్చింది. చూడగానే తెలిసింది. పుస్తకాలు పోతున్నాయంటే రానివాళ్ళు, ఒక ముసలిదాన్ని చంపుతున్నారంటే పరిగెత్తుకొస్తారని. వచ్చారా లేదా? దిండు, దుప్పటి తెచ్చుకున్నది అందుకే. నాలుగు రోజులు పడుతుందని లెక్క వేసుకున్నాను. సిగ్గు లేని జనం! వాళ్ళ మీద నా కోపం ఇంకా చల్లారలేదు. అధ్యక్షురాలినయ్యాను కదా, ఇప్పుడు ఒక్కొక్కళ్ళ సంగతీ చూస్తాను. తీసుకెళ్ళిన పుస్తకం తిరిగి ఇవ్వనివాళ్ళ పేర్లు బాల్కనీలోంచి చదువుతాను. నా గొంతు ఎంత దూరం పోతుందో అందరికీ తెలిసింది.

మీ అక్కకి మొదటి రోజే చెప్పాను. తలుపేసుకున్నది ఏడవడానికి కాదు, నవ్వు ఆపుకోలేక. నీ ఉత్తరం తిప్పి పంపింది కూడా నేను చెబితేనే. నువ్వు నిజంగా భయపడితే నీ ఉత్తరాల్లో ఆ భయం కనిపిస్తుంది, మావాడు ఇంకా భయపడతాడు. వాడి మొహంలో అసలైన భయం లేకపోతే ఆ జనం నమ్మేవాళ్ళు కాదు. వాడికి నటించడం చిన్నప్పటి నుంచీ రాదు.

నిన్ను స్టేషనువాళ్ళు సాయంత్రం దాకా కూర్చోబెట్టారని విని బాధపడ్డాను. వాళ్ళకి మావైపు నుంచి కబురు వెళ్ళింది, ఇక రారు. నువ్వు వెంటనే బయలుదేరి రా. నీ వెనక గదిలో పైకప్పు దాకా ఉన్నాయన్నావే, వాటిలో ఇంకో నాలుగు తే. మొన్నటిదాకా అధ్యక్షుడిగా ఉన్నాయన భార్య నిన్న పుస్తకం తీసుకుంటూ నా చెవిలో, తనకి కూడా ఆ యంత్రం నేర్పమని అడిగింది. ఆయనకి తెలియకుండా.

ఇట్లు,
నీ క్షేమం కోరే,
అత్తయ్య, అధ్యక్షురాలు

తా.క. మీ బావకి ఇదంతా ఇప్పుడప్పుడే చెప్పకు. నేను ఇంకో పదిహేను రోజులు అలిగి ఉండదలచుకున్నాను. వాడు రోజూ పొద్దున్నే నాకు నచ్చే పుస్తకాలు ఏరి తెచ్చి మంచం పక్కన పెడుతున్నాడు. మంచినీళ్ళు తెస్తున్నాడు, కళ్ళజోడు తుడిచి ఇస్తున్నాడు, "అమ్మా, ఒక్కసారి ఇటు తిరగవే" అంటున్నాడు. వాడు నన్ను అలా పిలిచి ఎన్నేళ్ళయిందో. తిరగను.